సగం కుట్టిన గొడుగు

మార్చి 4, సోమవారం

నక్షత్రమట!

అమ్మమ్మ చచ్చిపోదట, నక్షత్రమవుతుందట. ఆ నక్షత్రానికి రెండు కళ్ళు, చిన్న నోరు, ముక్కు లేకపోయినా కళ్ళజోడు. రోజూ రాత్రి కిటికీలోంచి తొంగిచూసి మనవరాలు మిరపగింజకి మంచి మాటలు చెబుతుందట. బొమ్మ కూడా గీయించి తెచ్చారు. నా పుస్తకాల్ని సీరియల్‌గా తీయిస్తున్న ఛానల్ మేడమ్ దాన్ని బల్ల మీద నా వైపు తిప్పి, మొదటి మనవణ్ణి చూపిస్తున్నంత మురిపెంగా నా మొహంలోకి చూసింది.

“పిల్లలు భయపడతారు మేడమ్. తల్లులు ఛానల్ మార్చేస్తారు,” అంది.

“మూడో పుస్తకంలో చచ్చిపోయింది కదండీ. నాలుగు, ఐదు పుస్తకాల్లో గొడుగుల కొట్టు మిరపగింజ ఒక్కతే నడుపుతుంది. అమ్మమ్మ ఉంటే ఇక ఆ కథలెక్కడివి?”

“ఉంటుందని ఎవరన్నారు? నక్షత్రంగా ఉంటుంది.”

దర్శకుడు తలూపాడు. ఆయన నా పుస్తకాలు చదవలేదు. మొదటి రోజే చెప్పాడు, చదివితే తన సొంత ఊహ పాడవుతుందని. ఆ రోజు అదేదో గొప్ప మాటలా వినిపించింది నాకు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

నేను అరవలేదు. గట్టిగా మాట్లాడాను, అంతే.

మార్చి 5, మంగళవారం

ఇంట్లో జరిగింది చెబితే జాలి చూపిస్తారనుకోవడం నాదే తప్పు.

అమ్మ కందులు చెరుగుతూ విని, చేట కింద పెట్టింది. “మంచి పని చేశారు. ఎవరో బుద్ధిమంతులే.”

“అమ్మా!”

“ఏమే? నా మాటలన్నీ దాని నోట్లో పెట్టావు. నా దగ్గు పెట్టావు. ‘దేవుడు నోరిచ్చాడని నిద్రలో కూడా మాట్లాడాలా’ అనే మాట నాది కాదూ? అన్నీ పెట్టి మూడో పుస్తకంలో నన్ను చంపేశావు. ఊళ్ళో అందరూ చదివారు. ఇప్పుడు టీవీలో కూడా చంపుతావా? చదువురానివాళ్ళు కూడా చూడాలనా?”

“అది నువ్వు కాదమ్మా. పాత్ర.”

“అవును, పాత్రే. దగ్గే నాది.”

మా ఆయన పేపర్ చాటున నవ్వుతున్నాడు. పేపర్ కదిలితే నాకు తెలియదా? “అత్తయ్య గారూ, నక్షత్రంగానైనా కళ్ళజోడు వదల్లేదట మీరు,” అన్నాడు. ఇద్దరూ ఒకటే నవ్వు.

ఒక్కోసారి ఈ ఇంట్లో నేనే అద్దెకున్నట్టు అనిపిస్తుంది.

నిజంగానే పిల్లలు భయపడతారా? పుస్తకం అయితే మూసేయొచ్చు. టీవీ మూయడానికి లేదు. కట్టేయొచ్చు, అది వేరే సంగతి. నేను రాసింది సరైనదేనా, లేక రాసేశాను కాబట్టి సరైనదా?

మార్చి 6, బుధవారం

కళ్ళజోడు! నక్షత్రానికి!

మార్చి 8, శుక్రవారం

ఆదుకున్నది నేను ఏమాత్రం ఊహించని మనిషి. అమ్మమ్మ వేషం వేస్తున్న పెద్దావిడే స్వయంగా ఫోన్ చేసింది.

“అమ్మాయ్, నన్ను చంపట్లేదని విన్నాను. నిజమేనా?”

నిజమేనన్నాను.

“నలభై ఏళ్ళుగా వేషాలు వేస్తున్నాను. అత్తను, వంటావిణ్ణి, బామ్మను, పక్కింటి పిన్నిని. ఎప్పుడూ ట్రే పట్టుకుని రావడం, ట్రే పట్టుకుని పోవడం. ఒక్కడూ నాకు సరైన చావివ్వలేదు. ఈ వేషం ఆ చావు కోసం ఒప్పుకున్నాను. నీ పుస్తకం చదివి మరీ ఒప్పుకున్నాను. నన్ను నక్షత్రం చేస్తే రేపటినుంచి నేను రానని చెప్పాను. వేరే ముసలిదాన్ని తెచ్చుకోమన్నాను. మొదటి ఎపిసోడ్ నుంచి మళ్ళీ తీసుకోమన్నాను.”

“ఏమన్నారు?”

“ఏమంటారు? కాఫీ తెప్పించారు.”

సాయంత్రానికి ఛానల్ మేడమ్ నుంచి ఫోన్. చావు ఉంటుంది. నక్షత్రం సంగతి ‘తర్వాత చూద్దాం’. నేను వదల్లేదు. ఆ ఎపిసోడ్ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే తీయాలని, చిన్న మార్పు చేసినా నా సంతకం కావాలని కాగితం రాయించుకున్నాను. నక్షత్రం మార్పే కదా! నా సంతకం లేనిదే అది ఎలా పొడుస్తుందో చూస్తాను.

గెలిచాను. అమ్మకి చెప్పాను. “అయితే చచ్చానన్నమాట,” అని లేచి లోపలికి పోయింది.

మార్చి 11, సోమవారం

సంతోషంగానే ఉన్నాను. ఉండాలి కదా.

మార్చి 18, సోమవారం

రేపే ఆ సీను. ఇవాళ సెట్‌కి వెళ్ళాను.

కొట్టు బాగా వేశారు. గోడంతా గొడుగులు, బల్ల మీద దారపు ఉండలు, ఊచలు, విరిగిన పిడులు. వెనక గదిలో అమ్మమ్మ మంచం. పెద్దావిడ ఆ మంచం మీద పడుకుని ఎటు ఒత్తిగిలితే చచ్చినట్టుంటుందో ప్రయత్నిస్తోంది. “ఇలా అయితే నిద్రపోయినట్టుంది. ఇలా అయితే అలిగినట్టుంది. ఎలా చావాలమ్మా?” అంది నాతో.

దర్శకుడు నన్ను పక్కకి పిలిచాడు. మొహం వెలిగిపోతోంది.

“పిచ్చుకకి ఏమీ చెప్పలేదు మేడమ్. దానికి సీన్ తెలియదు.”

పిచ్చుక అంటే మిరపగింజ వేషం వేస్తున్న పాప. సెట్లో అందరూ అలాగే పిలుస్తారు. పదేళ్ళుంటాయి. పిల్లలకి డైలాగులు ముందు ఇవ్వకపోవడం ఈయన పద్ధతి. షాట్‌కి ముందు చెవిలో చెబుతాడు, పిల్ల అనేస్తుంది. సహజంగా వస్తుందట.

“రేపు కూడా అంతే. కెమెరా సిద్ధం చేసుకుని, పరిగెత్తుకెళ్ళి చెబుతాను. ‘అమ్మమ్మ గారికి నిజంగానే ఏదో అయిపోయింది, పిలిస్తే లేవట్లేదు’ అని. పిల్ల లోపలికి ఉరుకుతుంది. ఇంక చూడండి ఏడుపు!”

నేను మంచం వైపు, పెద్దావిడ వైపు చూశాను.

“ఎంతసేపు మేడమ్, రెండు నిమిషాలు. తర్వాత ఎలాగూ ఆవిడ లేచి నవ్వాలిగా.”

అది వీళ్ళ ఆనవాయితీ. శవంగా పడుకున్నవాళ్ళు షాట్ అయిపోయాక, కెమెరా ఆగకముందే లేచి కూర్చుని కెమెరాకేసి నవ్వాలి. ఆ నవ్వు పడితేగానీ కెమెరా ఆపరు. చావు దగ్గర బొమ్మ ఆగిపోకూడదట. పేరు కూడా ఉంది, నవ్వు షాట్ అని.

“మీకు పిల్లలున్నారా?” అన్నాను.

“ఇద్దరు మేడమ్.”

“వాళ్ళతో ఇలాగే చేస్తారా?”

“వాళ్ళు యాక్టర్లు కాదుగా,” అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

పాప తల్లికి చెప్పాను. ఆవిడ గొంతు తగ్గించి, “నాకు తెలుసండీ. సార్ చెప్పారు. అది ఏడిస్తే బాగా ఏడుస్తుందండీ, ముద్దుగా ఉంటుంది,” అంది. పెద్దావిడకి చెప్పాను. మంచం మీంచి దిగ్గున లేచింది. “నా చావుకి ఆ పిల్లని నిజంగా ఏడిపిస్తే ఇంక నేను నటించడం ఎందుకు? ఆ దిండుని పడుకోబెట్టమను!” ఇద్దరం కలిసి దర్శకుణ్ణి నిలదీశాం. సరే మేడమ్, సరే అమ్మా, చెయ్యను, అన్నాడు. ఒప్పుకోవడం మరీ తేలిగ్గా ఒప్పుకున్నాడు.

ఆ ‘సరే’ని నమ్మాలో వద్దో తెలియక, పాపకి నేనే చెప్పేద్దామని వెతికాను. గొడుగుల వెనక స్టూలు మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.

“పిచ్చుకా, రేపటి సీన్ గురించి నీకొకటి చెప్పాలమ్మా.”

“అమ్మమ్మ చచ్చిపోయేదా?”

“నీకెవరు చెప్పారు?”

“మీరే.” తల కూడా ఎత్తలేదు. “పుస్తకంలో. మా పిన్ని కూతురిది. వెనకట్ట లేదు, అయినా కథంతా ఉంది.”

“చదివావా? మరి ఎవరికీ చెప్పలేదేం?”

“ఎవరూ అడగలేదు ఆంటీ. నన్ను చూడగానే అందరూ గుసగుసలు ఆపేస్తున్నారు. వాళ్ళు చదవలేదు కదా, పాపం, ముందే చెప్తే కథ పాడవుతుందని ఊరుకున్నాను.”

ఇంతమంది, ఇన్ని లైట్లు, ఇంత రహస్యం. సెట్టు మొత్తం మీద ఆ పుస్తకం చదివింది ఒక ముసలావిడ, ఈ పిల్ల. ఆ పిల్లనుంచే దాస్తున్నారు! నవ్వొచ్చింది, వెంటనే కోపం వచ్చింది. పిల్లల పుస్తకాన్ని పిల్లలు చదివి ఉంటారని ఒక్కరికీ తట్టలేదే! నాకు మాత్రం తట్టిందా? నేనూ చెప్పడానికే వెళ్ళాను.

“ఆంటీ, ఒకటి చెప్తే కోప్పడరుగా? మిరపగింజ రోజంతా ఏడ్చిందని రాశారు. అది ఏడవదు.”

“ఎందుకేడవదు?”

“మొదటి పుస్తకంలో వేలు తలుపులో పడి నలిగితే తలుపుని తిట్టింది. రెండో దాంట్లో కుక్క కరిస్తే కుక్కని తిట్టింది. అమ్మమ్మ చచ్చిపోతే మాత్రం ఏడుస్తుందా?”

“మరేం చేస్తుంది?”

పెన్సిలు చెవి మీద పెట్టుకుని ఆలోచించింది. “నాకైతే కోపమొస్తుంది. పోయేముందు అమ్మమ్మ గొడుగు సగమే కుట్టిందిగా. అది ఎవళ్ళదో. వాళ్ళొచ్చి అడిగితే నేనేం చెప్పాలి?”

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. ‘మిరపగింజ రోజంతా ఏడ్చింది.’ ఒక్క వాక్యం. దాని కింద ఖాళీ, తర్వాతి అధ్యాయం. అమ్మమ్మ చచ్చిపోతే ఏడవాలి కాబట్టి ఏడిపించాను. ఆ వాక్యాన్ని కాపాడటానికే కాగితం రాయించుకున్నాను.

నేను రాసింది తప్పని కాదు. ఇంకోలా కూడా ఉండొచ్చు, అంతే.

మార్చి 19, మంగళవారం

ఆ మనిషి మాట తప్పాడు.

కెమెరా సిద్ధమైంది. పెద్దావిడ పడుకుంది, ఈసారి అలిగినట్టూ లేదు, నిద్రపోయినట్టూ లేదు. చేతి కింద సగం కుట్టిన గొడుగు. పాప తలుపవతల నుంచుంది. దర్శకుడు పరిగెత్తుకుంటూ వెళ్ళి, రొప్పుతూ, “పిచ్చుకా, అమ్మమ్మ గారు లేవట్లేదమ్మా! నిజంగా! ఏదో అయిపోయింది, డాక్టరుకి ఫోన్ చేశాం...” అన్నాడు. గొంతు కూడా వణికించాడు. నిజం చెప్పాలంటే ఆ సెట్లో అంత బాగా నటించినవాళ్ళు లేరు.

నేను కుర్చీలోంచి లేచేలోపే పాప గొంతు వినిపించింది.

“అంకుల్, సీన్ చెప్పండి చాలు. నేను చేస్తాను.”

లైట్ బాయ్ కిసుక్కుమన్నాడు. దర్శకుడి మొహం చూడాల్సింది.

పాప లోపలికి వచ్చింది. పిలిచింది. ఇంకోసారి పిలిచింది. చెయ్యి ముట్టుకుని, వెనక్కి తీసుకుంది. ఏడవలేదు. దుప్పటి సరిచేసింది, అవసరమైన దానికన్నా గట్టిగా. తర్వాత ఆ గొడుగు లాగి చేతిలోకి తీసుకుని, సూది వేలాడుతున్న దారాన్ని చూసి, “సగం కుట్టి పడుకుంటావా?” అంది. “ఎవరికి చెప్పి పడుకున్నావు? అసలు ఎవరికి చెప్పి?” ఎంత కోపంగా అందో! నేను రాయని మాట. నేను రాయాల్సిన మాట.

దర్శకుడు చెయ్యెత్తాడు, ఇక నవ్వు షాట్ అన్నట్టు. పెద్దావిడ లేవలేదు.

ఒక్క క్షణమే. తర్వాత చెప్పింది, అంత మంచి చావు దొరికాక లేవబుద్ధి కాలేదని. కానీ ఆ క్షణంలో పాప మొహం మారిపోయింది. “అమ్మమ్మ గారూ?” అంది, తన మామూలు గొంతుతో. పెద్దావిడ అప్పుడు లేచి కూర్చుని కెమెరా వైపు నవ్వింది. పిచ్చుక ఆవిడ ఒళ్ళో పడి భోరున ఏడ్చింది. ఎక్కిళ్ళు పడుతూ, ముక్కు కారుతూ, ముద్దు ముచ్చట ఏమీ లేని ఏడుపు. పెద్దావిడ, “ఓసి పిచ్చిదానా, ఉన్నానే, ఇక్కడే ఉన్నానే,” అంటూ వీపు రాస్తోంది.

కెమెరా ఆగలేదు. నవ్వు పడ్డాక కూడా ఎవరూ ఆపలేదు.

దర్శకుడు తెరకి మొహం ఆనించినంత దగ్గరగా కూర్చుని, “వచ్చేసింది, వచ్చేసింది,” అంటున్నాడు.

మార్చి 20, బుధవారం

అనుకున్నంతా అయింది. ఆ ఏడుపు తీసుకుని చావులో పెడతారట. ఒళ్ళో పడ్డ పాప మొహం వరకు ఉంచి, నవ్వుతున్న ముసలావిణ్ణి కత్తిరిస్తారట. ఎవరికీ తెలియదట. ‘సగం కుట్టి పడుకుంటావా’ తీసేస్తారట.

ఎడిటింగ్ గదిలో అరిచాను. ఈసారి అరిచాననే రాస్తున్నాను.

దర్శకుడు తొణకలేదు. డ్రాయర్లోంచి కాగితం తీశాడు, నా కాగితమే. “పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు తీయాలన్నారు మేడమ్. పుస్తకంలో పాప ఏడుస్తుంది. గొడుగు గురించి ఆ మాట లేదు. మార్పు నాది కాదు, మీరు అడుగుతున్నది మార్పు.”

“అయితే పుస్తకమే తప్పు!”

దర్శకుడు కాగితం మడిచి మళ్ళీ డ్రాయర్లో పెట్టుకున్నాడు. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

పాప డబ్బింగులో డైలాగులు మళ్ళీ చెప్పడానికి వచ్చింది. తల్లి వెంట ఉంది. ఒక్కరైనా దాన్ని అడగాలి కదా అని, జరిగింది చెప్పి నేనే అడిగాను. నీ ఏడుపు వాడుకోమంటావా?

తల్లి తొందరపడింది. “దానికేం తెలుసండీ! వాడుకోండి సార్, వాడుకోండి. చూడవే ఎంత బాగా ఏడ్చావో.”

పాప తెర మీద తన మొహం చూసుకుంది. చాలాసేపు.

“అది మిరపగింజది కాదు. నాది. అమ్మమ్మ గారు లేవడం లేటయింది, నాకు భయమేసింది. మిరపగింజ ఏడుపు కావాలంటే చెప్పండి, వేరే ఏడుస్తాను. ఎంతసేపైనా ఏడుస్తాను. అది మాత్రం ఇవ్వను.”

“ఏంటే ఆ మాటలు, పెద్దవాళ్ళతో!”

“ఇవ్వనమ్మా.”

దర్శకుడు నవ్వాడు. బుగ్గ గిల్లాడు. ఇవ్వనంటే ఊరుకునేవాళ్ళెవరు? పిల్ల మాట ఏ కాగితంలో ఉంది?

మార్చి 21, గురువారం

కాలేజీలో పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. ఎక్కడ ఆపానో పిల్లలే చెప్పారు.

వాడుకుంటే తప్పేముంది? ఏడుపు అందంగా ఉంది. చూసినవాళ్ళు ఏడుస్తారు. నేను మాత్రం వాడలేదా? అమ్మ దగ్గు, అమ్మ మాటలు. అడిగానా? ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది, నేను ఇప్పటికీ పాత్ర అంటూనే ఉన్నాను. రెండూ ఒకటి కావు. కావనే అనుకుంటున్నాను.

కానీ ఆ పిల్ల అడిగితే చెప్పింది. నోరు తెరిచి, తడబడకుండా చెప్పింది.

మార్చి 22, శుక్రవారం

ఛానల్ మేడమ్‌కి ఫోన్ చేశాను.

గొడుగు మాట ఉండాలి, ఆ ఏడుపు పోవాలి, ఆ ముక్క ప్రోమోల్లో కూడా ఎక్కడా కనబడకూడదు అన్నాను. కష్టమంది. ఏడుపు లేకపోతే ఆ ఎపిసోడ్‌లో జనానికి దొరికేదేముంది అంది. పిల్లల్ని ఊరడించేది ఏదో ఒకటి ఉండాలిగా అంది. అని ఊరుకుంది. ఆ ఊరుకోవడంలో ఏముందో నాకు తెలుసు. నేను అడగాలని చూస్తోంది.

“నక్షత్రం పెట్టుకోండి,” అన్నాను.

“సంతకం పెడతారా?”

“పెడతాను.”

“కళ్ళజోడుతోనా మేడమ్?”

“కళ్ళజోడుతోనే.”

ఫోన్ పెట్టేశాను. ఇంతకన్నా రాయాలని లేదు.

ఏప్రిల్ 28, ఆదివారం

ఇవాళ ఆ ఎపిసోడ్ వచ్చింది.

పక్కింటావిడ కూడా చూడ్డానికి వచ్చింది. ‘సగం కుట్టి పడుకుంటావా’ దగ్గర నేను తెర వదిలి అందరి మొహాలూ చూశాను. ఆయన పేపర్ దించి చూశాడు. పక్కింటావిడ మాత్రం, “అదేమిటండీ, ఆ పిల్లకి ఏడవడం కూడా రాదా? చెక్కబొమ్మలా ఉంది. ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారో!” అంది.

నోటిదాకా వచ్చింది. ఏడవడం రాకపోవడమా? చూశానమ్మా నేను. మింగేశాను.

అమ్మే అంది. “మా మిరపగింజ ఏడవదు. కోపమొస్తుంది దానికి. ఆ దుప్పటి లాగడం చూశావా? నేను పోతే ఇదీ అలాగే లాగుతుంది,” అని నా వైపు గడ్డం చూపించింది.

తర్వాత నక్షత్రం పొడిచింది. కళ్ళు మిటకరించి, కళ్ళజోడు సర్దుకుని, “దేవుడు నోరిచ్చాడని నిద్రలో కూడా మాట్లాడాలా బంగారూ?” అంది. బంగారూ! అమ్మ ఏనాడూ ఎవర్నీ అనని మాట. “చూశావా, చచ్చినా నా మాటే,” అని పొంగిపోయింది అమ్మ. నాకు టీవీ పగలగొట్టాలనిపించింది.

అప్పుడే ఫోన్. పిచ్చుక. హలో కూడా అనలేదు.

“ఆంటీ, ఆ నక్షత్రం ఏంటి? పుస్తకంలో లేదుగా! మీ సంతకం లేకుండా పెట్టరని అమ్మమ్మ గారు చెప్పారు. మీరు పెట్టారా?”

“పెట్టానమ్మా.”

“ఎందుకు? ఎంత అసహ్యంగా ఉందో తెలుసా? మా స్కూల్లో అందరూ నవ్వుతారు. అమ్మమ్మ చచ్చిపోయాక మిరపగింజకి ఎవరూ సాయం ఉండకూడదు, అదే కదా కథ! మీ కథే మీకు తెలియదా? వాళ్ళు అడగ్గానే ఇచ్చేస్తారా? నేనైతే ఇవ్వను. నేను ఇచ్చానా?”

“లేదమ్మా. నువ్వివ్వలేదు.”

“మరి!”

ఎందుకిచ్చానో చెబితే వెంటనే ఊరుకునేది. ఆ తర్వాత ఆ నక్షత్రం కనిపించినప్పుడల్లా అది తన వల్లేనని అనుకునేది. నేను చెప్పలేదు. ఇంకా చాలా అంది. నాలుగో పుస్తకం కూడా ఇలాగే పాడుచేస్తారా అంది, మిమ్మల్ని ఇంకేం నమ్మాలి అంది. పక్కన తల్లి ఫోన్ లాక్కోబోతుంటే, “ఉండమ్మా, ఇంకా అవలేదు,” అంది.

అయ్యేదాకా ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాను.